రుక్మిణక్క ప్లగ్గు పీకిన రోజు

ఇవాళ పొద్దున ముళబాగిలు బస్టాండు పక్కనున్న నా షాపులో ఒక పాత కంప్యూటర్ మూత విప్పగానే, లోపల పేరుకున్న దుమ్ము వాసన గుప్పున ముక్కుకు తగిలింది. దాన్ని తెచ్చినాయన కౌంటర్ మీద వేళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డాడు. ఫోటోలన్నీ డిలీట్ అయ్యాయట. "ఏదన్నా మంచి సాఫ్ట్‌వేర్ వేసి బిన్నే తీసీక్కా" అన్నాడు. ఆ తొందర నాకు కొత్త కాదు. నా వేళ్ళదీ అదే జబ్బు. దాన్ని కాస్త అదుపులో పెట్టింది రుక్మిణక్క.

కేజీఎఫ్‌లో ఆమె టైపింగ్, జెరాక్స్ షాపులో నేను పని నేర్చుకున్నాను. వాళ్ళ నాన్న అక్కడి బంగారు గనిలో రెస్క్యూ టీములో చేసినవాడు. అక్కేమీ నెమ్మదైన మనిషి కాదు, కాఫీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేది. కంప్యూటర్‌లో ఏదైనా పోయిందంటే మాత్రం ముందు చేతులు కట్టుకుని కూర్చునేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు అక్క బ్యాంకుకు వెళ్ళినప్పుడు పార్వతమ్మ అనే ఆవిడ కంప్యూటర్ పట్టుకొచ్చింది. గని కార్మికుడైన భర్త చనిపోయే ముందు ఆమె కోసం మాట్లాడి పెట్టిన రికార్డింగ్ అందులో ఉండేది. మనవడు పనికిరానివి తీసేస్తూ దాన్నీ తీసేశాడు. "ఆయన గొంతు నాకు అదొకటే ఉండాదమ్మా" అంది. అక్క వచ్చేలోగా తీసి చూపించాలని నాకు ఒకటే ఆత్రం. నెట్‌లో వెతికి ఒక సాఫ్ట్‌వేర్ దింపాను. అది నిదానంగా వెతుకుతుంటే ఓపిక పట్టలేక ఇంకొకటి దింపాను.

అక్క వచ్చి చూసింది. "ఇవి యాడ వేసినావు?"

"ఇదే డిస్కులోనే అక్కా."

అక్క ప్లగ్గు పీకేసింది. "తీసేసింది అప్పుడే పోదు పాపా, ఆడనే ఉంటాది. దాని మీద కొత్తది వచ్చి కూర్చుంటేనే నిజంగా పోయేది. గని లోపల బండ పేలినాంక మా నాయనోళ్ళు మొదట ఏం చేస్తా ఉండిరో తెలుసునా? నిలబడి వింటా ఉండిరి. ఉరికినోడి కాలికింద ఇంగో రాయి జారుతాది."

ఆ డిస్కును ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించింది. పాత డిస్కు మీద ఏమీ రాయకుండా, చదవడం మాత్రమే చేసే సాఫ్ట్‌వేర్ ఎంచుకుంది. సాయంత్రానికి రికార్డింగ్ దొరికింది, సగమే.

"నేను చెప్పను. నువ్వే చెప్పల్ల" అంది అక్క. మిగతా సగం నా వల్లే పోయిందని పార్వతమ్మకు చెప్పాను. ఆమె తిట్టలేదు. స్పీకరుకు చెవి ఆనించి వింది. "పార్వతీ, నేను పోయినాంక నువ్వు..." అక్కడితో ఆ గొంతు ఆగిపోయింది. "ఇంగొకసారి పెట్టమ్మా" అంది. మూడుసార్లు పెట్టాను.

ఇవాళ వచ్చినాయనను నేను మొదట అడిగింది ఒకటే. "ఫోటోలు పోయినాంక మళ్ళా దీన్ని వాడినారా?" లేదన్నాడు. డిస్కు తీసి పక్కన పెట్టి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలా అని ఆలోచిస్తూ చేతులు కట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. తను పోయాక పార్వతమ్మ ఏం చేయాలని ఆమె భర్త చెప్పాడో ఇక ఎవరికీ తెలియదు. ఆ మాట ఉన్న చోట నేను రెండో సాఫ్ట్‌వేర్‌ను కూర్చోబెట్టాను.