వెనక్కి నడిచిన విశ్వాస సంగ్రహం

ఆ రోజుల్లో మా వైపు గుళ్ళో పెళ్ళి జరగాలంటే బట్టలు కొనడం కంటే ముందు జపాల పరీక్ష దాటాలి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఫాదరు గారి ముందు కూర్చుని అన్నీ అప్పజెబితేనే ఆదివారం పూజలో పెళ్ళి ప్రకటనగా వాళ్ళ పేర్లు చదివేవారు. మిగతా జపాలు నాకు నోటికొచ్చు. విశ్వాస సంగ్రహం ఒక్కటే గొంతులో చేపముల్లు. అంత పొడుగు జపాన్ని ఇన్నేళ్ళూ పదిమందిలో నిలబడి పెదవులు కదిపి నెట్టుకొచ్చాను మరి. తపస్సు కాలం వచ్చేస్తోంది. అది మొదలైతే ఈస్టరు దాకా పెళ్ళిళ్ళుండవు. వరసకి బావ అయ్యే మా ఆయన విజయవాడలో ఆటో తోలుతూ, అక్కడ గది కూడా తీసేసుకున్నాడు.

ఇంటరు చదివే మా చెల్లి ప్రతి వాక్యం మొదటి అక్షరమూ నా అరచేతిలో పెన్నుతో రాసింది. (నాకు చదువే రాదు కదా, అవి చీమల్లా కనపడ్డాయి. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్న నా కూతురు నవ్వుతోంది, నవ్వనీండి.) బావకి వింటే వచ్చేస్తుంది. అందుకని నాకూ చెప్పి వినిపించాడు. పొద్దున విన్నది సాయంత్రానికి ఉండేది కాదు. "నీ బుర్రలో ఏముందే, ఊకా?" అనేవాడు. చివరికి దాళ్వా పంటకి వరి నాట్లేస్తుంటే దారి దొరికింది. చెల్లి గట్టు మీద కూర్చుని చదువుతుంటే, ఒక్కో మాటకీ ఒక్కో నారు మొక్క గుచ్చుతూ వెనక్కి జరిగేదాన్ని. మడి నిండేసరికి జపం నిండింది. "ఏందే, వరికి జ్ఞానస్నానం ఇస్తున్నావా?" అని పక్కనున్న ఆడాళ్ళు ఒకటే నవ్వు.

పరీక్ష రోజున ఫాదరు గారి గదిలో ముందు బావ వంతు. ఆటో మోతలో అలవాటైన గొంతు కదా, వసారాలో పావురాలు ఎగిరిపోయాయి. "నాకు చెవుడు లేదు నాయనా," అన్నారు ఫాదరు గారు. తర్వాత నేను. కుర్చీలో కూర్చుని రెండు మాటలు చెప్పానో లేదో, మూడోది రాలేదు. చేతులు ఒళ్ళో ఊరికే పడున్నాయి. ఫాదరు గారు, "పోనీలేమ్మా, ఈస్టరు తర్వాత చూద్దాం," అన్నారు. బావ మొహం మాడిపోయింది.

"ఫాదరు గారండీ, ఒక్కసారి లేచి చెప్పనాండీ?"

"చెప్పమ్మా."

లేచాను. కొంగు బిగించి వంగాను. ఆ నున్నటి గచ్చు మీద ఒక్కో మాటా నాటుకుంటూ వెనక్కి అడుగు వేశాను. కుర్చీ పడిపోయిందని తెలుస్తూనే ఉంది, కానీ ఆగితే పోతుంది! గడప దాటాను, వసారా దాటాను. ఆమెన్ అని నడుం ఎత్తి చూస్తే మెట్ల కింద ఉన్నాను. ఫాదరు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ బావతో, "ఇంకో రెండు మాటలుంటే ఎదురుగా ఉన్న కాలవలో పడేదిరా ఈ పిల్ల! వెళ్ళండి, ఆదివారం చదువుతాను," అన్నారు.

నేను ఆ మెట్ల మీదే కూలబడ్డాను. ఊపిరి అప్పుడొచ్చింది. బావ పక్కన కూర్చుని, "పెళ్ళి పీట మీద కూడా వెనక్కి పోకే తల్లీ," అన్నాడు.

మా ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పటికీ ఎప్పుడన్నా ఆనాటి ఆ పిల్ల, అంటే నేనే, గుర్తొస్తే, గచ్చు మీద వంగిన ఆ నడుం మీద చెయ్యేసి, "నిదానంగా చెప్పవే, పెళ్ళి అయిపోద్దిలే," అనాలనిపిస్తుంది.