జీడినూనె రాసిన మేకులు

మొన్న సాయంత్రం మనవడు గిటారుకి కొత్త తీగలు వేసుకుంటూ, కింది పలకలోంచి ఊడదీసిన ఆరు చిన్న మేకుల్నీ పెదాల మధ్య బిగించి పట్టుకున్నాడు. నేను ఒక్క ఉదుటున లేచి, వాడి నోట్లోంచి అవి లాగేసి అవతల పారేశాను. ముసలాయనకి మతి చలించిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. అనుకోనీండి. వాళ్ళకి చెప్పలేనిది మీకు చెబుతాను, మశూచి అంటే మన వయసువాళ్ళకే కదా ఇంకా ఒళ్ళు జలదరించేది.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. నాన్న దగ్గర వడ్రంగం నేర్చుకుని, పనంతా వచ్చేసిందని ఎగిరిపడుతున్న రోజులు. మాది కంచిలి దగ్గర ఉద్దానం పల్లె. మేనమామ కొడుకు, అంటే మా అక్కని చేసుకోబోయే బావ, రంగూన్‌లో ఒక హోటల్లో గిటారు వాయించేవాడు. ముహూర్తం పెట్టుకోవడానికని సెలవు మీద వస్తూ దాన్నీ వెంట తెచ్చుకున్నాడు. మనవాళ్ళకి రంగూన్ అంటే రంగమే కాబట్టి ఊరంతా దాన్ని రంగం వీణ అనేవారు. వచ్చే ఓడ ఎక్కకపోతే కొలువు ఇంకొకడికి ఇచ్చేస్తానని దొర చెప్పి మరీ పంపాడట, కొలువు లేనివాడికి పిల్లనివ్వనని మా నాన్న పట్టు. అందుచేత ఇంటిల్లిపాది చూపూ బారువ రేవు మీదే.

ఆ ఏటి ఎండలకి కర్ర ఎండిపోయి, తీగల చివర్లు పట్టి ఉంచే ఆ కర్రమేకులు వదులైపోయాయి. తీగ కాస్త బిగిస్తే చాలు, మేకు టప్పున ఎగిరి గోడకి తగిలేది. బావ బాగుచెయ్యమని నాకిచ్చాడు. నాన్న చూసి, చింతచేవతో ఏ కన్నానికి తగ్గ మేకు దానికి కొత్తగా చెక్కమన్నాడు. అది రెండు రోజుల పని, నాకంత ఓపికేదీ! పడవలవాళ్ళు చెక్కలకి పూసే జీడితొక్కల నూనె గుర్తుందా, నల్లగా, జిగురుగా, ఒంటికి తగిలితే బొబ్బలెక్కించేది? పాత మేకులకే అది పట్టిస్తే లావెక్కి బిగుసుకుంటాయని నా తెలివి. రోజుల తరబడి ఆరాల్సిన నూనెని ఒక్క పూట ఎండలో పెట్టి, కొత్తవే చెక్కానని నాన్నతో అబద్ధమాడి, బావకి ఇచ్చేశాను.

మేం ఇనపమేకులు నోట్లో కరుచుకుని పని చేసినట్టే, బావ కూడా తీగలు వేసేటప్పుడు అవన్నీ నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసేవాడు. మర్నాటికి పెదాలు వాచాయి, మూతి చుట్టూ, వేళ్ళ మీదా నీటిపొక్కులు లేచాయి. అప్పటికే ఊళ్ళో ఇద్దరికి అమ్మవారు పోసి, వాళ్ళని సముద్రపొడ్డున తాటితోపులో ఒక పాకలో ఉంచారు. ఇంకేముంది, పెద్దలు బావనీ అక్కడికే పంపించారు. అక్క వేపమండలు పట్టుకుని వాకిట్లో కూలబడిపోయింది. అవి ఏ పొక్కులో నాకొక్కడికే తెలుసు.

గంజి తీసుకెళ్ళి తోపు గట్టు మీద పెట్టి రావడం నా వంతు. మూడో రోజు బావ పాక గుమ్మంలోంచి కేకేశాడు.

“ఏరా బావా, ఆ మేకులు నోట్లో ఎట్టుకున్నకాడ్నించే మంట మొదలైనాది. వాటికేటైనా రాసినావేటి? సెప్పరా, ఓడకింకా నాలుగు దినాలుంది.”

లోపల ఇంకెవరో మూలుగుతున్నారు.

“ఏటీ రాయనేదు బావా, ఉత్త సింతకర్రే,” అన్నాను.

నాన్న చేతి దెబ్బలకి భయపడ్డానో, అక్క మొహం చూడలేననుకున్నానో, ఇప్పటికీ తేల్చుకోలేను. బావ నా మాట నమ్మాడు.

ఓడ వెళ్ళిపోయింది. పది రోజులకి పొక్కులు మాడి రాలిపోయాయి, రేపో మాపో ఇంటికి తెచ్చేద్దామనుకుంటుండగా జ్వరం తగిలింది. ఈసారి వచ్చింది నిజమైన మశూచి, ఆ పాకలో పక్కవాళ్ళ నుంచి అంటుకున్నది. ఆ తరవాత ఎనిమిదో రోజు నేను పెట్టిన గంజి గట్టు మీదే ఉండిపోయింది.

ఇప్పుడు మశూచి భూమ్మీదే లేదంటున్నారు. బారువకి ఓడలు రావు, రంగం వెళ్ళేవాళ్ళూ లేరు, ఒంటి మీద పొక్కు లేస్తే అదేమిటో డాక్టరు ఇట్టే చెప్పేస్తాడు. ఆ డాక్టరు చెప్పే మాట ఆనాడు నా నోట్లోనే ఉంది. అక్క మరి పెళ్ళి చేసుకోలేదు. బతికున్నన్నాళ్ళూ ఏటేటా అమ్మవారికి నైవేద్యం పెట్టి, నావల్ల ఏం తప్పు జరిగింది తల్లీ అని అడిగేది. పక్కనే నేనూ చేతులు జోడించి నిలబడేవాణ్ణి.