దీక్షకు కూలి మనుషులు

మా రొయ్యల ఫ్యాక్టరీ గేటు ముందు రిలే నిరాహార దీక్ష మొదలైంది మంగళవారం. బుధవారమని ఇందుకూరుపేటలో ఇప్పటికీ అంటారు. టెంటుకు అద్దె కట్టింది నేను. మంగళవారమే.

నేను అప్పటికే రిటైరయ్యాను. సంఘం కోశాధికారి పదవి మాత్రం వదల్లేదు. లెక్కలు ఇంకొకరి చేతికివ్వడానికి మనసు ఒప్పలేదు.

డిమాండు ఒక్కటే: రొయ్యలు వలిచే పనిలో కాంట్రాక్టు పద్ధతి రద్దు చేయాలి. వలుపు బల్లల దగ్గర కంపెనీ మనుషులు పాతికమంది కూడా మిగల్లేదు. మిగతా ఆడవాళ్ళందరినీ ఒక మేస్త్రి ఆటోల్లో తెచ్చి దించేవాడు. మా సంఘంలో సభ్యత్వం కంపెనీ మనుషులకే. అది నిబంధన.

రోజుకు ఐదుగురు దండలు వేసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తినకుండా కూర్చోవాలి. సాయంత్రం నిమ్మరసం తాగించి లేపుతాం. రెండు రోజులు సాగింది. మూడో రోజు ఒకామెకు షుగరు, ఒకామె ఇంటికి అల్లుడొచ్చాడు, మిగిలినవాళ్ళకు ఓవర్‌టైము. గూడూరు నుంచి తెప్పించిన నిమ్మకాయల బస్తా అలాగే ఉంది.

మా కార్యదర్శి చురుకైనవాడు. మేస్త్రికి ఫోను చేశాడు. మర్నాడు మేస్త్రి ఆటోలోంచే ఐదుగురు ఆడవాళ్ళు రోజు కూలికి దిగి, కాంట్రాక్టు పద్ధతి నశించాలన్న బ్యానరు కింద కూర్చున్నారు.

"ఈ కూలి ఏ పద్దు కింద రాయాల అబ్బయ్యా?" అని కార్యదర్శిని అడిగాను.

"టెంటు సామాను కింద రాయక్కా."

కుర్చీలు, జంపఖానాలు, ఐదుగురు మనుషులు. అలాగే రాశాను.

వాళ్ళలో ఒకామె మైపాడు వైపు చేపలు పట్టే పల్లెకార్ల ఇంటామె. ఏళ్ళ తరబడి మేస్త్రి కిందే వలుస్తోంది. "ఐసులో చేతులు పెట్టే పన్లేదు. ఇదే సుఖంగా ఉండాదక్కా, రోజూ పెట్టించు" అంది నాతో. పేపరాయన ఫొటో తీస్తుంటే మిగతావాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఈమె మాత్రం ఆయన చెప్పినట్టు పిడికిలి ఎత్తింది.

ఫొటో వచ్చిన రోజే గేటు దగ్గర ఆమె పాసు లాక్కున్నారు. వలుపు కూలి లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. గేటుకు ఎదురుగానే ఉన్న మా ఆఫీసుకు వచ్చింది.

"నా పాసు ఇప్పించన్నా."

"నువ్వు సభ్యురాలివి కాదు మే. నీ కేసు ఎత్తుకునేదానికి రూలు లేదు" అన్నాడు కార్యదర్శి.

"మీ దీక్షలో కూచున్నందుకే గదన్నా తీసేసింది. కూలిచ్చింది గూడా మీరే. నేను మీ మనిషినే గదా?"

"మేం నిన్ను పెట్టుకోలేదే. నువ్వు మేస్త్రి మనిషివి. ఆయన్ని అడుగు."

"మేనేజరు గూడా అచ్చం ఇదే చెప్పినాడన్నా. ఇద్దరూ అనుకొని చెప్తా ఉండారా?"

ఎవరో లేచి ఫ్యాను ఇంకాస్త పెంచారు.

"అయితే రేపు మీ ఆఫీసు ముందరే కూచుంటా. టెంటు మడత పెట్టబాకండి" అని వెళ్ళిపోయింది.

అన్నట్టే కూర్చుంది. కూలి లేదు, దండ లేదు. నేనిచ్చిన నిమ్మరసం కూడా తీసుకోలేదు. పదిగంటలకల్లా మేస్త్రి తెచ్చిన ఆడవాళ్ళు బల్లలు వదిలి ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన చేరారు. టెంటు చాల్లేదు. లోపల ఐసు కరిగిపోతోంది. రొయ్య ఎవరికోసమూ ఆగేది కాదు. మధ్యాహ్నానికి మేనేజరే మా కార్యదర్శికి ఫోను చేశాడు.

"వాళ్ళంతా మీ వాళ్ళేనా?"

కార్యదర్శి కిటికీలోంచి టెంటు వైపు చూశాడు. మా దీక్షలో అంతమంది ఎన్నడూ లేరు.

"మా వాళ్ళే సార్" అన్నాడు.

సాయంత్రానికి పాసు తిరిగొచ్చింది. ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టి, కాంట్రాక్టు వాళ్ళనూ చేర్చుకోవాలని తీర్మానించారు. చందా అందరికీ సమానం, ఓటు మాత్రం పాతవాళ్ళకే. మొదటి కార్డు ఆమెకే ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది.

తాత్కాలిక సభ్యురాలు.

"దీన్ని పర్మనెంటు చేయించుకోవాలంటే యాడ కూచోవాలన్నా?" అని అడిగింది.

కార్యదర్శి నా వైపు చూశాడు. టెంటు ఇంకా తిరిగి ఇవ్వలేదని చెప్పాను.