నీడ లేని పొద్దులో సినిమాలు తీసిన తిప్పేస్వామన్న

తిప్పేస్వామన్న ఇక లేడన్న మాట నాకు ఫోనులో చెప్పింది ఆయన భార్య సరోజమ్మ. నేనప్పుడు సోలార్ పార్కులో పలకల కింద గడ్డి కోస్తున్నాను. "హనుమక్కా, ఆయప్ప పోయినాడు" అంది. "యాడికి?" అని అడిగాను. ఆమె ఫోను పెట్టేసింది. కొడవలి పక్కనున్నామెకు ఇచ్చి, వై.ఎన్.హొసకోటకు బస్సెక్కాను.

ఆయన్ను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మా సినిమా కంపెనీ తీసిన వాటన్నిటిలోనూ శవం వేషం ఆయనదే. వేరొకరైతే ఈగ వాలగానే కదులుతారని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పడుకునే కెమెరా నడిపించేవాడు, పడుకునే "చాలప్పా, ఆపండి" అని అరిచేవాడు. ఆ రోజూ ఆయన చెంప మీద ఈగ వాలింది. ఆయన కదలలేదు. మునుపూ కదిలేవాడు కాదు. "చాలప్పా" అనే మాట కోసం నేను చాలాసేపు నిలబడ్డాను. గుండె ఆగి పోయాడని సరోజమ్మ చెప్పినా వినపడలేదు. ఎవరో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాక ఏడుపు వచ్చింది.

పావగడ తాలూకాలో 'మిట్టమధ్యాహ్నం పిక్చర్స్' దయ్యం సినిమా ఒకటైనా చూడని ఇల్లు తక్కువ. జాతరల్లో తెల్ల పంచెను తెరగా కట్టి చూపించేవాళ్లం, తర్వాత ఫోన్లలో వచ్చాయి. అయితే ఆ కంపెనీ ఎట్లా పుట్టిందో చాలామందికి తెలియదు. తెలిసినంత నేను రాస్తున్నాను.

తిప్పేస్వామన్న హొసకోటలో పెళ్లి వీడియోలు తీసేవాడు. వయసులో నాకంటే చిన్నవాడే, అయినా ఊరంతా అన్న అంటే నేనూ అన్న అనే అన్నాను. ఆయనకు దయ్యం కథలంటే ప్రాణం. పెళ్లిళ్లలో వాడే దీపాలు రెండు పెట్టుకుని మొదటి సినిమా రాత్రిపూట తీశాడు. కళ్యాణ మండపంలో అందరినీ పిలిచి చూపిస్తే తెర మీద నలుపు తప్ప ఏమీ లేదు. నలుపులో అరుపులు మాత్రం వినిపించాయట. వెనక వరుసలో నుంచి ఒకాయన, "ఏందప్పా తిప్పేసామీ, నీ దయ్యం కరెంటు బిల్లు కట్లేదా?" అన్నాడు. మండపమంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఇంటికి పోయి అన్నం తినలేదని సరోజమ్మ చెప్పింది.

మరునాడు ఆయన తల్లి చేనికి సద్ది కడుతోంది. మా వైపు మధ్యాహ్నం అన్నం బయటికి పోతే గంప మీద ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ పెట్టే పంపుతారు. ఆమె బొగ్గు పెట్టడం ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం అడిగాడు.

"ఎందుకు పెడతావమ్మా అది?"

"ఎందుకేందిరా, దయ్యం తగులుకోకుండా."

"పట్టపగలా?"

"రాత్రి ఎవురు తిరుగుతారురా చేలల్లో, దయ్యం పట్టుకునేదానికి? మనుషులు ఉండే పొద్దులోనే కదా అదీ వచ్చేది."

ఆ మాటతోనే కంపెనీ పుట్టింది. మన దయ్యాలు పగలే తిరుగుతుంటే వాటిని రాత్రిపూట వెతికానే అని ఆయన నొచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఆయన సినిమాల్లో దయ్యం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే వచ్చేది. "ఆ పొద్దులో మనిషికి నీడ ఉండదక్కా. దయ్యానికీ ఉండదు. ఏది మనిషో ఏది దయ్యమో ఎట్ల తెలుస్తాది?" అని నాతో అనేవాడు. నీడ కాళ్ల కిందికి పోయే ఆ కాసేపే కెమెరా తిరిగేది. నీడ ఒక పక్కకు వాలిందంటే కెమెరా మూసి అందరికీ సంగటి పెట్టేవాడు. దీపాల ఖర్చు లేదు, మేకప్ లేదు. థర్మకోల్ అట్టలు పట్టుకుని ఎండను ముఖం మీదికి తిప్పేవాళ్లం.

నేను ఆ కంపెనీలో చేరింది నీళ్ల కోసం పోయి. నాగలమడిక దగ్గర శనక్కాయ పీకి, కట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్నాను. తల నుంచి కాలి దాకా ఎర్రమట్టి. దారి పక్కన వాళ్లు సినిమా తీస్తున్నారని తెలియక, వెనక నుంచి పోయి "రవ్వన్ని నీళ్లు పోయండప్పా" అన్నాను. థర్మకోల్ పట్టుకున్న మనిషి దాన్ని పారేసి పరుగెత్తాడు. తిప్పేస్వామన్న నా ముఖాన్నే చూస్తూ చెంబు ఇచ్చాడు.

"అక్కా, నువ్వు ఏమీ చేయొద్దు. తాగి ఊరికే అట్లే నిలబడు."

"ఎందుకప్పా?"

"నువ్వే మా దయ్యం."

"మీ ఇంట్లో ఆడోళ్లు లేరా దయ్యానికి?"

"సరోజను అడిగినానక్కా. ఒప్పుకోలేదు."

అట్లా నేను దయ్యాన్నయ్యాను. నాకు చదువు రాదు, మాటలు ఆయన చదివితే నేను తిరిగి చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఆయనకే అది నచ్చలేదు. "దయ్యానికైనా తన మాట తనకు తెలియాల. ఇంకొకరి నోటి నుంచి తీసుకుంటే అది చిలక" అన్నాడు. సంగటి తిన్నాక, థర్మకోల్ అట్టల వెనక వైపు బొగ్గుతో సరోజమ్మ నాకు అక్షరాలు రాసి ఇచ్చేది, నేను దిద్దేదాన్ని. గంప మీది బొగ్గే దానికీ పనికొచ్చింది. నా తల అప్పటికే నెరిసింది. ఈ నాలుగు మాటలు నేనే రాస్తున్నానంటే అది వాళ్లిద్దరి పుణ్యం.

సినిమాలు జనానికి నచ్చాయి. జాతరల్లో పంచె కట్టే ముందే ముందు వరుసలు నిండేవి. కానీ నన్ను చూడగానే, "మన హనుమక్కే రా, నిన్న సంతలో టమాటాలు బేరం చేసింది" అని నవ్వేవాళ్లు. ఈలలు వేసి, మళ్లీ వేయమని అడిగేవాళ్లు. ఇంకొకరైతే సంతోషించేవారు. ఆయన ఏనాడూ తెరను చూసేవాడు కాదు, పక్కన నిలబడి జనం ముఖాలు చూసేవాడు. చూసి తల దించుకునేవాడు.

"జనం సంతోషంగా ఉండారు కదన్నా, ఇంకేం కావాల?" అని ఒకసారి అడిగాను.

"నవ్వినోడు ఇంటికి పోయి నిద్రపోతాడక్కా. భయపడినోడు తలుపు గడి పెట్టి, మళ్లీ లేచి రెండోసారి చూసుకుంటాడు. నాకు ఆ రెండోసారి కావాల. ఒక్క మనిషైనా సరే."

ఆయన జీవితమంతా ఆ రెండోసారి కోసమే.

సోలార్ పార్కు వచ్చినప్పుడు ఆయనా తన చేను లీజుకిచ్చాడు. శనక్కాయ చేలు పోయి, కనుచూపు మేర నీలం పలకలు వచ్చాయి. మేం సినిమాలు తీసిన తావులు చాలావరకు కంచె లోపలికి పోయాయి. ఇక కంపెనీ మూతే అనుకున్నాం. ఆయన మాత్రం కంచె పట్టుకుని నిలబడి చాలాసేపు చూశాడు. "నా చేను ఇందులో ఏదో నాకే తెలీదక్కా" అని, నా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు. కథ దొరికింది.

చచ్చిపోయిన ముసలామె తన చేనును వెతుక్కుంటూ మధ్యాహ్నం పలకల మధ్య తిరుగుతుంది. ఎదురైనవాళ్లను ఒకే మాట అడుగుతుంది. కథంతా అంతే. పార్కువాళ్లను అడిగి అనుమతి తెచ్చుకున్నాం. గడ్డి కోసే పని చేస్తున్నాను కాబట్టి నేను లోపల, కెమెరా కంచె బయట. కాపలా మనిషి, "అవ్వా, దయ్యానికి పాస్ ఉండాదా?" అని ఎగతాళి చేశాడు. "మెళ్లోనే ఉండాది, చూడప్పా" అన్నాను. ఆ పాస్ తీసి దాచాలన్న బుద్ధి మా ఎవరికీ పుట్టలేదు. ఇంటికి పోయి చూసుకుంటే, దయ్యం మెడలో నా ఫోటో ఉన్న పాస్ ఊగుతోంది. సరోజమ్మ తల పట్టుకుంది. మళ్లీ తీద్దామన్నాను.

"ఉండనీ అక్కా" అన్నాడాయన. "తన చేనిలోకి పోయేదానికి ఆయమ్మకు పాస్ కావాల. దీనికంటే భయం ఇంకేముండాది?"

ఆ సినిమాను నిడుగల్లులో కోట కొండ కింద చూపించాం. నేను కనపడగానే ఎప్పటిలాగే, "మన హనుమక్కే" అని నవ్వు మొదలైంది. తెర మీద నేను కంచె దాకా వచ్చి, పాస్ చేత్తో పట్టుకుని, "నాయనా, నా చేను యాడుండాది?" అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఈల లేదు. చేలు లీజుకిచ్చిన పెద్దవాళ్లు కొందరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయిపోయాక ఎవరూ మళ్లీ వేయమనలేదు, లేచి వెళ్లిపోయారు.

"వింటివా అక్కా, ఎవరూ నవ్వలేదు" అన్నాడాయన. పంచె విప్పి మడుస్తూ, "భయపడినారో ఏడ్చినారో మాత్రం తెలీలేదు" అన్నాడు. ఆ సందేహం తీరకుండానే పోయాడు.

పదకొండో రోజు కర్మ ముగిశాక తిరిగి వస్తూ పార్కు కంచె దగ్గర బస్సు దిగాను. ఎండ నడినెత్తిన ఉంది. ఏ ఊరివాళ్లో, నన్నెరుగని ఇద్దరు అక్కచెల్లెళ్లు పనివాళ్లకు సద్ది తీసుకుపోతున్నారు. అక్క ఆగి, చెల్లెలి గంప మీద బొగ్గు ఉందో లేదో చూసింది.

"రేపటి నుంచి ఒక్కదానివే రావద్దే. ఈ పొద్దులో కంచె కాడ ఒక ముసలామె తిరుగుతాది. నా చేను యాడుండాదని అడుగుతాది. జవాబు చెప్పినావా, నీ ఎనకే వస్తాది."

నేను ఉండబట్టలేక, "ఎవరు చెప్పినారమ్మా నీకు?" అని అడిగాను.

"ఒకరు చెప్పేదేముందవ్వా? మా జేజి కాలం నుంచీ ఉండేదే."

పలకలు వచ్చి ఎన్నేళ్లయిందని, వాళ్ల అవ్వ కాలం నుంచి ఉండటానికి? తిప్పేస్వామన్న పేరు ఆమెకు తెలియదు. సినిమా చూసినట్టూ లేదు. ఆయన అల్లిన కథ తెర దిగి, ఆయన పేరు వదిలించుకుని, తాలూకాలో పాతకాలపు భయాల పక్కన పోయి కూర్చుంది. ఏ కళాకారుడికి దొరుకుతుంది ఇంతకంటే గొప్ప గెలుపు? ఆయన లాంటివాడు మాకు మళ్లీ దొరకడు. కానీ ఆయన దయ్యానికి ఇక చావు లేదు.

అదంతా ఆమెకు చెప్పాలని నోరు తెరిచాను. ఆమె నా నెరిసిన తలను చూసింది, నా వెనకున్న కంచెను చూసింది. తర్వాత నా కాళ్ల దగ్గర నేలను చూసింది. అక్కడ నీడ లేదు. చెల్లెలి రెక్క పట్టుకుని గబగబా నడిచింది. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి చూసింది. నేను కదలకుండా నిలబడ్డాను.

మలుపు దగ్గర మళ్లీ తిరిగి చూసింది.

అన్నా, అది రెండోసారి.