అరువక్క అడిగిన వారం

ఎదుటివాళ్ళ దగ్గర ఏదో ఒకటి అరువు తెచ్చుకుంటే గాని మా అరువక్కకు పొద్దు గడిచేది కాదు. కొందరికి వేళకు కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుంది చూడండి, ఈవిడకు పక్కగది ఉప్పు పడకపోతే వచ్చేది. పరాయి దేశంలో డిగ్రీ చదవడానికి వెళ్ళి మేమంతా అద్దెకున్న ఆ ఇంట్లో ఆవిడ కొట్టని తలుపు లేదు, అడగని వస్తువు లేదు. సూది, దారం, గొడుగు, దువ్వెన, సగం ఉల్లిపాయ. అవును, సగమే. మిగిలిన సగాన్ని ఏం చేసుకోవాలో ఇచ్చినవాళ్ళ ఖర్మ.

రైలు స్టేషను వెనక వీధిలో పాత మేడ అది. కింద ఇంటి యజమానురాలు ఉండేది, ఆవిణ్ణి మేం ఇంటావిడ అనేవాళ్ళం. పైన వరసగా గదులు, గదికొకరం, చివర అందరికీ కలిపి ఒక వంటగది. ఉన్నవాళ్ళలో చాలామంది మన భాషవాళ్ళే. అయితేనేం, ఎవరి అలమరకు వాళ్ళు తాళం వేసుకుని, ఎవరి తలుపు వాళ్ళు బిగించుకుని ఉండేవాళ్ళం. మెట్ల మీద ఎదురైతే ఒక నవ్వు నవ్వి తప్పుకునేవాళ్ళం.

నేనక్కడ దిగిన మర్నాడే తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి, చేతులూపుకుంటూ నిలబడి ఉంది.

"చెల్లీ, కాస్త ఉప్పుంటే పెడతావా?"

"మీరెవరండీ?"

"పక్కగది. మూడో సంవత్సరం. ఉప్పు."

"నిన్ననే వచ్చానండీ. ఇంకా పెట్టె కూడా విప్పలేదు."

"పరవాలేదు, విప్పు. కూర్చుంటాను."

అని నిజంగానే మంచమెక్కి కూర్చుంది. విదేశంలో ఉప్పు దొరకదని మా అమ్మకు ఎవరు చెప్పారో గాని, ఒక పొట్లం కట్టి పెట్టెలో పెట్టింది. అదేమో అట్టడుగున ఉంది. అది బయటపడేలోపు నా బట్టలన్నీ అలమరలోకి, పుస్తకాలన్నీ బల్ల మీదికి చేరిపోయాయి, మంచం మీద దుప్పటి కూడా పరుచుకుంది. చెంచాడు ఉప్పు కోసం వచ్చిన మనిషి నా గదంతా సర్దేసి వెళ్ళింది. పట్టుకెళ్ళడానికి గిన్నె కూడా నాదే.

సాయంత్రానికి గిన్నె తిరిగొచ్చింది, నిండా వేడి వేడి కూరతో.

"ఇదేంటండీ?"

"ఒకళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా ఇంటా వంటా లేదమ్మా. ఇంకోమాట, అండీ గిండీ అన్నావంటే ఊరుకోను. అక్కా అను."

ఆ కూర తింటూ ఏం మనిషిరా బాబూ అనుకున్నాను. కూర మాత్రం ఉప్పు సరిగ్గా సరిపోయింది.

మా పై అంతస్తులో గణితం చదివే అబ్బాయి ఉండేవాడు. వయసుకు చిన్నవాడే గాని పిసినారితనంలో పెద్దవాడు కావడంతో అందరం లెక్కలాయన అనేవాళ్ళం. మొదట్లో అరువక్క అలికిడి వింటే చాలు, దీపం ఆర్పేసి ఊపిరి బిగబట్టి కూర్చునేవాడట. ఓసారి మొహమాటానికి సగం ఉల్లిపాయ ఇచ్చాడు. అది గిన్నెడు కూరై తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన లెక్క మారిపోయింది.

"అక్కా, ఇవాళ ఏం కావాలి?" అని తనే మెట్లు దిగొచ్చి అడిగేవాడు. "వంకాయలున్నాయి. పట్టుకెళ్తావా?"

"వద్దు బాబూ, ఇవాళ నాకు గొడుగు కావాలి."

లెక్కలాయన మొహం వాడిపోయేది. గొడుగుతో కూర చెయ్యలేరు కదా.

ఇంటావిడకు మన భాష రాదు, అయినా అరువక్కకు అదేమీ అడ్డం కాలేదు. వచ్చీరాని వాళ్ళ భాషలోనే ఆవిడ ఇస్త్రీపెట్టె, సుత్తి, కుర్చీ అన్నీ అడిగేసింది. చివరకు ఓరోజు పిల్లిని అడిగింది.

"పిల్లినా?" అని ఇంటావిడ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఒక్క గంట. గదిలో ఎలుక తిరుగుతోంది."

ఎలుక తన గదిలో అన్న మనిషి, పిల్లిని మాత్రం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "కాస్త పట్టుకోవే, నాకు క్లాసుంది" అని చక్కా పోయింది. ఆ రోజే నా మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. ఫిజిక్సు తప్పాను. పొద్దుట్నుంచీ గోడ వైపు తిరిగి పడుకున్నదాన్ని, పిల్లి ఒళ్ళో చేరాక లేవక తప్పింది కాదు. దానికి పాలు వెతకాలి కదా.

మా ఊళ్ళో ఫిజిక్సు అంటే నేనే. వాడకట్టు పిల్లలందరికీ చెప్పేదాన్ని. అక్కడేమో మాస్టారు మాటను నోట్లోనే నమిలి మింగేసేవాడు. ఆయన "అర్థమైందా?" అంటే నేను తల ఊపేదాన్ని. తల ఊపడానికి మార్కులుంటే ఫస్టు వచ్చేదాన్ని.

మళ్ళీ రాయడానికి ఒక్కటే అవకాశం. అదీ తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు. పేరు తీసేస్తే ఆ దేశంలో ఉండనివ్వరు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "బాగా చదువుతున్నా నాన్నా" అనేదాన్ని. పెట్టేశాక మంచం మీద కూలబడేదాన్ని. బాగా ఆలోచించి చివరకు ఒక గొప్ప నిర్ణయానికి వచ్చాను. తప్పి, గెంటించుకుని వెళ్ళడం కన్నా, పరీక్షకు ముందే నా అంతట నేను వెళ్ళిపోతే పరువైనా దక్కుతుంది. అక్కడి చలి నాకు పడలేదని చెప్పుకోవచ్చు. ఆ సాయంత్రం అలమర మీది నుంచి పెట్టె దింపాను. అంతలో తలుపు చప్పుడు.

"ఏమే, నల్లదారముందా?"

దారం తీసిస్తుంటే ఆవిడ చూపు పెట్టె మీద పడింది. "ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదక్కా. దుమ్ము పట్టిందని దులుపుతున్నా."

"ఓహో" అంది. దారం తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. తెల్లారగానే మళ్ళీ ప్రత్యక్షం.

"నీ పెట్టె ఓసారి ఇవ్వవే."

"పెట్టా? నాకు కావాలక్కా!"

"దేనికి? దులపడం అయిపోయిందిగా?"

నా అబద్ధంలో నేనే ఇరుక్కున్నాను. ఆవిడ పెట్టెను గడగడా ఈడ్చుకుంటూ వరండాలో వెళ్ళిపోయింది.

సరే, పెట్టె ఒక్కటే ఉందా లోకంలో అనుకుని లెక్కలాయన గదికి వెళ్ళాను.

"నీ పెట్టె ఇస్తావా?"

"అరువక్క ఇప్పుడే పట్టుకెళ్ళిందే. ఇవాళ కూర ఏంటో నీకేమైనా చెప్పిందా?"

ఎదురుగదికి వెళ్ళాను, అక్కడా అదే మాట. మూల గదిలోనూ అదే మాట. ఆఖరికి సిగ్గు విడిచి కిందికి దిగి ఇంటావిడను అడిగాను.

"మీ అక్క తీసుకెళ్ళిందమ్మా. నీలం పెట్టె, ఎర్ర పెట్టె, రెండూ. మీ ఇంట్లో ఎవరిదైనా పెళ్ళా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. విసవిసా వెళ్ళి అరువక్క తలుపు తోశాను. సగమే తెరుచుకుంది. లోపల ఆ మేడలోని పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి, కప్పును అంటేలా పేర్చి ఉన్నాయి. కాలు పెట్టడానికి చోటు లేక ఈవిడ మంచం మీద బాసింపట్టు వేసుకుని, నా నల్లదారంతోనే చొక్కాకు గుండీ కుట్టుకుంటోంది.

"ఏంటక్కా ఇవన్నీ?"

"పెట్టెలు."

"అది తెలుస్తూనే ఉంది. నాది నాకిచ్చెయ్."

"తీసుకో. నేనొద్దన్నానా?"

నాది అడుగునుంది. ఎందుకుండదు! పళ్ళు బిగించి లాగాను. అంతే, పెట్టెలన్నీ దభీదభీమని కూలాయి. ఒకటి పోయి అలమరకు తగిలింది, తలుపు తెరుచుకుంది, లోపల్నుంచి నా కాళ్ళ మీద టపటపా పడ్డాయి. ఏమిటి? ఉప్పు పాకెట్లు. సీలు కూడా తీయనివి. వాటి వెనక దారపుండలు, దువ్వెనలు, గొడుగు. మేం ఇన్నాళ్ళూ ఇచ్చిన ప్రతి వస్తువూ ఆవిడ దగ్గర కొత్తది ఉంది.

"అక్కా! ఇంత ఉప్పు పెట్టుకుని నా దగ్గరికెందుకొచ్చావు?"

అరువక్క దొరికిపోయిన దొంగలా నవ్వింది. దారం కొస పుటుక్కున కొరికేసింది.

"ఊరికే తలుపు కొట్టి ఎలా ఉన్నావని అడిగితే ఏమంటారే? బాగున్నామంటారు. తలుపు సందులోంచే అంటారు. అదే ఉప్పడిగితే తలుపు మొత్తం తీస్తారు. తిన్నారో లేదో, పడుకున్నారో లేదో, పెట్టె కింద ఉందో పైన ఉందో అన్నీ కనబడతాయి."

నేను వంగి ఉప్పు పాకెట్లు ఏరడం మొదలెట్టాను.

"నేనొచ్చిన కొత్తలో నా తలుపు కొట్టిన దిక్కు లేదు. గోడలతో మాట్లాడేదాన్ని. ఓరోజు ఇంటావిడ సుత్తి అడగడానికొచ్చింది. నా దగ్గర సుత్తెందుకుంటుంది చెప్పు? కానీ ఆ రోజంతా హాయిగా ఉందే. నన్ను కూడా ఒక మనిషి ఏదో అడిగింది కదా అని."

అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. పెట్టెల మధ్య కూలబడి ఫిజిక్సు సంగతి, ఫోన్లో చెప్పిన అబద్ధాలు అన్నీ కక్కేశాను.

"నేను తప్పుతానక్కా."

"తప్పితే తప్పుతావు. నీ పెట్టె నేనే సర్దుతా, స్టేషనుకొచ్చి నీకన్నా గట్టిగా ఏడుస్తా. రాయకుండా వెళ్తానంటే మాత్రం పెట్టె ఇచ్చేది లేదు." తరువాత, ఉప్పడిగినంత మామూలుగా అంది, "పరీక్ష వారంలోనేగా? ఆ వారం నాకు అరువివ్వవే."

"వారం అరువేంటక్కా! తిరిగెలా ఇస్తావు?"

"ఎప్పుడైనా ఎగ్గొట్టానా?"

లేదు, ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. ఇచ్చాను.

ఆ వారం ఆవిడ నా గదిలోనే తిష్ట వేసింది. ఆవిడ చదివేది చరిత్ర. ఫిజిక్సు అంటే ఆమడదూరం. "రెండు చెంచాలు ఫిజిక్సు పెట్టవే చూద్దాం" అని పుస్తకం నా ముందుకు తోసి మొండిగా కూర్చునేది. చెప్పింది చెప్పినట్టు మర్చిపోయేది. నిజంగానే ఏమీ రాదు మహాతల్లికి. ఆవిడ బుర్రకెక్కేలా చెప్పాలంటే ముందు నా బుర్రకెక్కాలి కదా. నేను లెక్క దగ్గర ఆగిపోతే పైకెళ్ళి లెక్కలాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది.

"ఈయన్ని ఓ గంట అరువు తెచ్చా. వాడుకో."

"మరి నన్ను ఖాళీగా పంపకూడదు" అనేవాడు లెక్కలాయన, వంటగది వైపు చూస్తూ.

పరీక్ష రాశాను. బొటాబొటీగా ఒడ్డున పడ్డాను. ఫలితం తెలిసిన రోజున నా పెట్టె తిరిగొచ్చింది, మోయలేనంత బరువుతో. తెరిస్తే నిండా ఉప్పు పాకెట్లే.

"పెట్టెనైనా సరే ఖాళీగా ఇవ్వకూడదు కదే" అంది. ఆ ఏడాదే ఆవిడ చదువైపోయి, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయింది.

నా డిగ్రీ పట్టా తీసుకునే రోజులొచ్చాయి. రావలసిన అమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అమ్మను వదిలి నాన్న రాలేకపోయాడు. పరవాలేదమ్మా అని ఫోన్లో చాలా ధైర్యంగా చెప్పి, మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నాను. రెండు రోజులు గడిచాక తలుపు చప్పుడైంది.

"చెల్లీ, కాస్త ఉప్పుందా?"

గుమ్మంలో అదే పొడుగాటి మనిషి, పక్కన పెట్టె.

"అక్కా! నువ్వేంటి ఇక్కడ?"

"వారం సెలవు పెట్టొచ్చా. నీ వారం నీకిచ్చెయ్యాలా వద్దా?"

"అమ్మ రావట్లేదని నీకెవరు చెప్పారు?"

"ఇస్త్రీపెట్టె బాగుందా లేదా అని ఇంటావిడకు ఫోన్ చేశాలే" అంటూ లోపలికొచ్చి మంచమెక్కి కూర్చుంది.

పట్టా తీసుకునే రోజు పొద్దున్నే మొదలెట్టింది. "దువ్వెన మర్చిపోయానే. నీదివ్వు."

తెరిచి ఉన్న ఆవిడ సంచీ పక్క అరలోంచి కొత్త దువ్వెన తొంగిచూస్తోంది. నేను చూడనట్టే ఊరుకుని నాది తెచ్చిచ్చాను. ఆవిడ తన తల ముట్టుకోనైనా లేదు.

"ఇటు తిరిగి కూర్చో" అంది.

కూర్చున్నాను. మా అమ్మ అల్లినట్టే, కాస్త గట్టిగా లాగి మరీ జడ అల్లింది. అల్లడం అయ్యాక నా భుజం పట్టి తిప్పి ఎగాదిగా చూసింది.

"పిన్నుల్లేవు కదే. ఉండు" అని ఇంటావిడ తలుపు కొట్టడానికి కిందికి పరుగెత్తింది.