పూలమ్మ చదువు తూగిన రోజు

1978 ఫిబ్రవరి 23, గురువారం. మాఘమాసపు చలి మూటాముల్లె సర్దుకుంటోంది. పొద్దెక్కకముందే వరంగల్ బజారులో ఎండ చురుక్కుమంటోంది. చలి సెలవు తీసుకొని ఎండ గడప తొక్కే ఈ నాలుగు దినాలకు మన భాషలో విడిగా ఒక పేరు లేకపోవడం లోటే. సరే, కథకు వద్దాం.

తొర్రూరు దగ్గరి పల్లె నుండి వచ్చిన ఏడో తరగతి పిల్ల పూలమ్మ, లక్ష్మీనారాయణ సేటు బెల్లం దుకాణం ముందు సంచీని గుండెకు హత్తుకొని నిలబడి ఉంది. మరునాటి ఉదయమే హనుమకొండలో పరీక్ష. నెగ్గితే స్కాలర్‌షిప్పు, హాస్టలు, పట్టణంలో పెద్దబడి, లేకుంటే మిరపచేను. వాళ్ల ఊళ్లో ఏడు దాటితే బడి లేదు.

అయితే ఆ మరునాడే మేడారం జాతరలో మొక్కు. పసితనంలో తట్టు సోకిన పూలమ్మ బతికితే, ఆమె బరువుకు సరితూగే బెల్లాన్ని సమ్మక్క తల్లికి సమర్పిస్తానని బాపమ్మ భద్రమ్మ మొక్కుకుంది. జాతరలో దానిని బెల్లమనరు, బంగారమంటారు. కరువు వల్ల ఇన్ని జాతరలు దాటిపోయాయి. ఇక దాటనివ్వనని ఆమె పంతం. మధ్యాహ్నం బస్సుకు మనవరాలు కూడా రావలసిందే.

"పరీచ్చ మల్లొస్తది. తల్లి రెండేండ్లకోపారి గద్దెకొస్తది."

"మల్ల రాదు బాపమ్మా!"

"నోర్మూసుకోని కాంటెక్కు."

పూలమ్మ సంచీతోనే ఎక్కింది.

"సంచి దించు పొల్లా! సేటు పుస్తకాలకు గూడ బెల్లం తూస్తడు."

"తూస్తే నాకే లాభం గద అవ్వా," అని సేటు నవ్వాడు.

పూలమ్మ సంచీని వదలలేదు. తల్లి మాటకు ఏనాడూ ఎదురాడని తండ్రి యాకయ్య అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఉండనీయే అవ్వా. సదువు బరువు గూడ తల్లికే ఇద్దాం."

"ఇత్తే?"

"ఇత్తే ఆ సదువు తల్లిదైతది. తల్లి సొమ్ముకు మనం అడ్డం పడొచ్చునా?"

భద్రమ్మ కొడుకు వంక తేరిపార చూసి, పకపకా నవ్వింది. "ఇన్నేండ్లు నీ నోట్లె నాలికె లేదనుకున్న. ఇయ్యాల వకీలువైనవ్ రా కొడకా! తూయ్ సేటూ, సంచితోనే తూయ్. జర మొగ్గు సూపియ్యి, తల్లికాడ పిసినారితనమొద్దు!"

పూలమ్మ కాంటా మీదినుండి లేడిపిల్లలా దూకింది. తల్లీకొడుకులతో పాటు బెల్లం మేడారం బస్సెక్కింది. సేటు భార్య అరుణ పూలమ్మను ఇంట్లో ఉంచుకొని, తెల్లవారాక, "జల్ది తొక్కు" అంటూ రిక్షావాణ్ణి తొందరపెట్టి పరీక్ష గది గుమ్మం దాకా తీసుకుపోయింది. ఎండాకాలంలో ఫలితం వచ్చింది. పూలమ్మ ఎంపికైంది! పెద్దబడి, ఇంటరు, పంతులమ్మ శిక్షణ... అన్నిటినీ ఒక్క పరుగున దాటి, ములుగు వైపు ఒక పల్లెలో ఉద్యోగంలో చేరింది. 1987లో అక్కడి నుండి తండ్రికి ఇలా రాసింది:

"బాపూ, నేను మంచిగున్న. మా బడిల మల్లక్క అనే పిల్ల ఉన్నది, లెక్కలల్ల నన్నే తికమక పెడుతది. పైబడి పరీక్షకు వాళ్ల నాయిన పంపనంటాండు. చెప్పి చెప్పి అలిసిన. పంతులమ్మ మాట ఎవరింటరు? నీ అసొంటి మనిషి చెప్తే ఇంటడు. పరీక్ష ఆదివారం. ఉత్తరం అందంగనే బస్సెక్కు. బాపమ్మను గూడ తోలుకరా. నీకంటె ఆమెకే జనం ఎక్కువ భయపడుతరు."