అవనిగడ్డ దాటాక పడే ముల్లు

అక్క పోయినప్పుడు వచ్చినవాళ్లంతా ఆవిడ మంచితనం గురించి చెప్పారు. చెప్పినవన్నీ నిజమే. నాకు మాత్రం ఆ కర్మలు జరిగినన్నాళ్లూ లారీయే గుర్తొచ్చింది. "మావయ్యా, నువ్వేంటి ఏమీ మాట్లాడవు?" అని మేనకోడలు అడిగింది. లారీ సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే అందరూ నవ్వుతారు, అప్పుడు నవ్వడం బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బైల చివర, ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు. గుడివాడలో బావకి ఒక లారీ ఉండేది. పాత పెట్రోలు బండికి ఎవరో డీజిలు ఇంజను ఎక్కించారు. ఆ ఇంజను అంతకుముందే వేరే బళ్లలో చాకిరీ చేసి వచ్చింది. మైళ్ల మీటరు ఏ ఊళ్లో ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. ఎన్ని మైళ్లు తిరిగిందని అడిగితే, "తిరగాల్సినవి ఇంకా ఉన్నాయిలే" అనేవాడు బావ. అప్పుడు దివిసీమలో కొత్త ఇళ్లు కడుతున్నారు. పామర్రు దగ్గర బట్టీల్లో ఇటుక ఎత్తుకుని, చల్లపల్లిలో టీ తాగి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వైపు దింపి రావడం ఆ బండి పని.

డ్రైవరు ముప్పై లోపు మనిషి. ఆ ఏడే పెళ్లయింది. పొద్దున్నే బానెట్టు ఎత్తి నీళ్లు, ఆయిలు చూసుకుని, టైర్లు తట్టి చూసి, సీట్లో కూచుని స్టీరింగు మీద చేతులు పెట్టి ప్రార్థన చేసుకునేవాడు. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. అతని ప్రార్థన అయ్యేలోపు అక్క పళ్లెంలో అక్షింతలు తెచ్చి బండి ముందు భాగం మీద చల్లేది. ఉప్పెన తర్వాత సముద్రం వైపు వెళ్లే ఏ బండిని చూసినా ఆవిడకి భయమే. బండి వీధి మలుపు తిరిగేలోపే గింజలన్నీ జారి కిందపడేవి. పక్కింటి కోళ్లు అందుకోసం ముందే వచ్చి నిలబడి ఉండేవి. అక్క చేట పుచ్చుకుని వాటి వెంటపడేది. "హుష్! మీకు కాదే ఇవి, మీకు కాదు!"

నేను బందరు కోర్టులో గుమస్తాని. ఆదివారాలు గుడివాడలో గడిపేవాణ్ని. ఒక ఆదివారం చూస్తే వీధిలో కోళ్లు లేవు. "ఏవీ నీ చుట్టాలు?" అని అక్కని అడిగాను. "రావడం మానేశాయి" అంది. కోళ్ల గురించి అంతకంటే అడగడానికి ఏముంటుంది?

కొన్నాళ్లకి డ్రైవరు వచ్చి బావతో చెప్పాడు.

"అవనిగడ్డ దాటాక ఆయిలు ముల్లు పడిపోతందండి. ముందు లోపల చైను మోగుద్ది. తర్వాత ముల్లు దిగిపోద్ది. ఆపి కాసేపు కూచుంటే మళ్లీ బాగానే ఉంటుంది."

ముల్లు అంటే స్టీరింగు ముందుండే ఆయిలు మీటరు ముల్లు. అది పడిపోయిందంటే పంపు ఆయిలు తోడడం లేదని అర్థం. అలాగే నడిపితే ఇంజను పట్టేస్తుంది. బావ వెంటనే లేచి బండి స్టార్టు చేసి, యాక్సిలేటరు తొక్కి పట్టుకున్నాడు. ముల్లు కదలకుండా నిలబడింది.

"ఏదయ్యా, పడదే?"

"ఇక్కడ పడదండి. నాగాయలంక రోడ్డు మీద పడుద్ది."

"మీ అత్తగారి ఊరు ఆ రోడ్డు మీదే కదూ?"

"అవునండి."

"అయితే ముల్లుక్కూడా అత్తారిల్లు తెలిసిపోయిందన్నమాట!"

అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. డ్రైవరు నవ్వలేదు. అయినా బావ, డ్రైవరు, నేను బండిని బందరు తీసుకెళ్లాం.

మేస్త్రీ షెడ్డు చిలకలపూడి వెళ్లే దారిలో ఉండేది. మేస్త్రీ అంటే ఇంజన్లు బాగుచేసే సాయిబు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చప్పుడు విని రోగం చెప్పగలనని గొప్ప. ఒక్కోసారి బండి స్టార్టు చెయ్యకముందే "చాలు చాలు, తెలిసిపోయింది" అనేవాడు. ఈసారి కాస్త విన్నాడు.

"చైను సాగిందండీ ఓనరుగారూ. ఇది ఇంజనా, గిలక్కాయా?"

రేడియేటరు దించి, ముందు మూత విప్పాడు. లోపల కింద ఒక పళ్ల చక్రం, పైన ఒకటి, రెండింటినీ కలిపి టైమింగు చైను. సైకిలు చైను లాంటిదే, కాకపోతే వెడల్పు. కింది చక్రాన్ని ఇంజను తిప్పుతుంది, పైది వాల్వుల్ని ఆడిస్తుంది. మేస్త్రీ పాత చైనుని అడ్డంగా పట్టుకుని చూపించాడు. అది మధ్యలో వంగి వేలాడింది.

"చూశారా గుమస్తాగారూ? కొత్తదైతే ఇలా పట్టుకుంటే కర్రలా ఉండాలి."

"పంపు కూడా ఓసారి చూడరాదూ?" అన్నాడు బావ.

"పంపు చూడాలంటే కింద ఆయిలు ఛాంబరంతా దించాలండీ. పన్ను నొప్పికి పొట్ట కోస్తామా ఎక్కడైనా?"

కొత్త చైను వేశాడు. రెండు చక్రాల మీదా ఒక్కో గుర్తు ఉంటుంది. ఆ రెండు గుర్తులూ ఎదురెదురుగా వచ్చేదాకా నాచేత హ్యాండిలు తిప్పించాడు. ఒక పన్ను అటూ ఇటూ అయినా బండి కదలదట. నేను ఎక్కువ తిప్పినప్పుడల్లా, "కోర్టులో వాయిదాలు తిప్పినట్టు తిప్పకండి సార్, మెల్లగా" అనేవాడు. అన్నీ బిగించి స్టార్టు చేస్తే ఇంజను మెత్తగా పలికింది. మేస్త్రీ డ్రైవరు వైపు చూసి కళ్లెగరేశాడు.

తర్వాత కొద్ది రోజులు బండి ఊరూరా సరుకు దింపుతూ గుడివాడ, బందరు మధ్యే తిరిగింది. ఏ ఇబ్బందీ లేదు. మళ్లీ దివిసీమకి ఇటుక తోలడం మొదలుపెట్టగానే డ్రైవరు మళ్లీ అదే మాట చెప్పాడు. బావ మేస్త్రీకి కబురు పెడితే ఆయనకి రోషం వచ్చింది.

"నేను వేసిన చైను మోగదు. మోగుతోందంటే తోలేవాడు మోగిస్తున్నాడని లెక్క."

ఆ మాట పట్టుకుని బావ డ్రైవర్ని అందరి ముందూ అనేశాడు. "అత్తారింట్లో భోజనం చెయ్యాలనుంటే నన్నడిగి చెయ్యవయ్యా. నా బండికి రోగాలు అంటగట్టకు."

డ్రైవరు తాళంచెవి అరుగు మీద పెట్టాడు.

"నేను అబద్ధం చెప్పే మనిషినని మీరనుకుంటే నాకీ బండి వద్దండి."

లోపల్నుంచి అక్క పళ్లెంతో అప్పుడే వచ్చింది. "వెళ్లొస్తానండి అక్కగారూ" అని ఆవిడకి చెప్పి వెళ్లిపోయాడు. అత్తగారి ఊరు వెళ్లి పడవ పనిలో చేరాడని తర్వాత తెలిసింది. సాకులు చెప్పి బండి ఆపుతాడన్న పేరు ఒకసారి పడితే గుడివాడలో ఎవరూ స్టీరింగు ఇవ్వరు. ఆ పేరు అతనికి మా అరుగు మీదే పడింది. అక్క బావతో ఒక్క మాటే అంది. "ఆ అబ్బాయి అబద్ధం ఆడడండీ." ఆ తర్వాత బావకి అన్నం పెట్టేటప్పుడు తప్ప దగ్గరికి రావడం మానేసింది.

కొత్త డ్రైవరు దొరకలేదు. బావే తోలతానన్నాడు. తోడు నన్ను రమ్మన్నాడు. మొగుడూ తమ్ముడూ ఇద్దరూ వెళ్తున్నారని ఆ రోజు అక్క రెండింతల అక్షింతలు తెచ్చింది. బావ వెనక టైర్లు చూసుకుంటుంటే, ఎత్తిన బానెట్టు దగ్గర నిలబడి ఏదో చేసుకుని, ఖాళీ పళ్లెంతో తృప్తిగా వెనక్కి వచ్చింది.

అవనిగడ్డ దాకా బావ హుషారుగానే ఉన్నాడు. "చూడు ముల్లు ఎలా నిలబడిందో. బండి మంచిదేరా, మనుషులే..." అంటుండగా ముందు నుంచి గలగలమని చప్పుడు మొదలైంది. ముల్లు మెల్లగా కిందికి దిగింది. బావ మాట ఆపి బండిని పక్కకి తీశాడు.

రోడ్డు పక్కన ఒక కొత్త ఇల్లు. ఇటుక గోడలు లేచాయి, కప్పు ఇంకా పడలేదు. ఆ ఇటుక మా బండి తెచ్చిందే అయ్యుండాలి. పెద్దావిడ ఒకామె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"మా అల్లుడు తోలిన బండి కదూ?"

బావ నావైపు చూశాడు. నేను కాలవ వైపు చూశాను.

"రోజూ ఇక్కడే ఆగేదండి" అందావిడ. "చల్లారేదాకా కూచోండి. మజ్జిగ తాగుతారా?"

"మీ అల్లుడు ఇక్కడే భోజనం చేసేవాడా అమ్మా?" అని బావ అడిగాడు. ఇంకా ఆశ చావలేదు.

"అదేగా నా బాధ! తినమంటే తినేవాడు కాదు. ఇటుక అందాలి, ఓనరుగారు చూస్తుంటారు అని బండి దగ్గరే నిలబడేవాడు. మీరేనా ఆ ఓనరుగారు?"

బావ మజ్జిగ గ్లాసు ఖాళీ చేశాడు. అల్లుడు చేపల వేటకి వెళ్లాడట. "వచ్చాక ఓసారి గుడివాడ రమ్మనండి" అన్నాడు బావ.

"మీరు రమ్మంటే వస్తాడా? పొమ్మంది మీరేగా."

ఇటుక దింపేసి, ఆగుతూ నడుపుతూ, నడుపుతూ ఆగుతూ బందరు చేరాం. షెడ్డులో మేస్త్రీ మమ్మల్ని చూడగానే, "డ్రైవరేడీ?" అన్నాడు.

"ఈసారి నేనే తోలాను మేస్త్రీ. నేను కూడా మోగిస్తున్నానంటావా?"

మేస్త్రీ బండి కిందికి దూరాడు. ఛాంబరు దించడానికి చాలాసేపు పట్టింది. కాసేపటికి కింద నుంచి "అరే!" అని వినిపించింది. బయటికి వచ్చాడు. చేతిలో ఆయిలు పీల్చే గొట్టం, దాని మూతికి ఉండే ఇత్తడి జాలీ. జాలీ అంతా నల్లటి గింజలు.

"ఓనరుగారూ, ఇంజనుకి అన్నం పెట్టిందెవరండీ?"

"ఎలకలేమో" అన్నాడు బావ.

"ఎలకలు బియ్యం తింటాయిగాని, తెచ్చి ఆయిల్లో పొయ్యవండీ."

ఒక గింజ గోటితో విరిస్తే లోపల తెల్లగా ఉంది. ఛాంబరు అడుగున ఇంకో దోసెడు ఉన్నాయి. వాటిలో కొన్ని ఇంకా నల్లబడలేదు. పొద్దున్నే పడ్డట్టున్నాయి. పసుప్పచ్చగా ఉన్నాయి. బావ ఒకటి తీసుకుని వెలుతురులో చూశాడు. తర్వాత పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఇవి మా ఇంట్లోవే."

నాకు కోళ్లు గుర్తొచ్చాయి. నవ్వు ఆగలేదు.

మేస్త్రీ తనకి తనే చెప్పుకుంటున్నట్టు వివరించాడు. బండి ఏకధాటిగా పోతుంటే పంపు పీల్చే పీల్పుకి గింజలన్నీ వచ్చి జాలీకి అంటుకుంటాయి. ఆయిలు పైకి రాదు. తడి లేక చైను మోగుతుంది. బండి ఆపితే గింజలు రాలి అడుక్కి పోతాయి, మళ్లీ కాసేపు అంతా బాగుంటుంది. చల్లపల్లి దాకా ఎక్కడో ఒకచోట ఆగుతూనే వస్తారు, అక్కడ టీ తాగాక ఎక్కడా ఆగరు కాబట్టి అది ఎప్పుడూ అవనిగడ్డ దాటాకే జరిగేది. ఇంటి ముందు నిలబెట్టి చూస్తే ఏం తెలుస్తుంది? వట్టిగా తిరిగి తిరిగి పంపులో పళ్ల చక్రాలు గీరుకుపోయాయి. బెజవాడ నుంచి కొత్తవి తెప్పించి వేశాడు. చైను బిగువు మళ్లీ సరిచేశాడు. ఇంజనంతా కడిగాడు. ఈసారి హాస్యాలాడలేదు. అంతా అయ్యాక, "ఆ కుర్రాడి దగ్గరికి నేనూ వస్తానండీ. నేనూ ఓ మాట అన్నాగా" అన్నాడు.

అందరం గుడివాడ వెళ్లాక బావ అక్క చేతిలో ఆ నల్లగింజలు పోశాడు. ఆవిడ వాసన చూసి గుర్తుపట్టింది.

"అయితే లోపలే ఉన్నాయన్నమాట!" అంది సంతోషంగా.

"ఎందుకు పోశావే అందులో?"

"పైన వేస్తే కోళ్లు తినేస్తున్నాయండీ. సముద్రం దాకా వెళ్లే బండికని వేసిన అక్షింతలు వీధి చివర కోళ్లకి పోతే ఏం లాభం? ఆయిలు పోసే గొట్టం మూత తీసుంటే కాసిని అందులో వేశాను. నాగాయలంక వెళ్లి రావాలిగా అవి."

"వెళ్లొచ్చాయిలే, రోజూ" అన్నాడు బావ. తర్వాత జరిగింది చెప్పాడు. అక్క ముఖం మారిపోయింది.

"అయితే ఆ అబ్బాయిని వెళ్లగొట్టింది నేనా?"

ఆవిడ లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. "పదండి" అంది. ఉప్పెన తర్వాత ఆవిడ చల్లపల్లి దాటలేదు. దాటనని ఒట్టు కూడా పెట్టుకుంది. ఆ రోజు లారీలో బావ పక్కన కూచుని, తలుపు కమ్మీ పట్టుకుని, దారంతా ముల్లు వంకే చూస్తూ వచ్చింది. బందరు నుంచి మాతోనే వచ్చిన మేస్త్రీ, నేనూ వెనక తొట్టిలో నిలబడ్డాం. అవనిగడ్డ దాటింది. ముల్లు పడలేదు. కొత్త ఇంటి ముందు బావ తనంతట తనే ఆపాడు.

డ్రైవరు వల సర్దుకుంటున్నాడు. లేచి నిలబడ్డాడు గాని ముందుకు రాలేదు. అక్కే దిగి వెళ్లింది.

"తప్పు నాది నాయనా. బియ్యం పోసింది నేను. నువ్వు చెప్పిందే నిజం."

అతను ఆవిడ్ని వదిలేసి బావ వైపు చూశాడు. "ముల్లు పడిందాండీ?"

"పడింది" అన్నాడు బావ. "మీ అత్తగారి గుమ్మం ముందే పడింది. ఆవిడ మజ్జిగ కూడా పోసింది. నాదే పొరపాటయ్యా. గుడివాడ వచ్చాక అరుగు మీద అందరి ముందూ చెబుతాను."

"నా చైను మోగింది" అన్నాడు మేస్త్రీ, అడగకుండానే.

పెద్దావిడ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. డ్రైవరు వల చుట్టి పక్కన పెట్టాడు.

"వస్తానండి. కాని అక్కగారూ, ఇంజన్లో మాత్రం వెయ్యకండి."

"మరి దేనిమీద వెయ్యను?" అంది అక్క. అడగాలనే అడిగింది, హాస్యానికి కాదు.

"నామీద వెయ్యండి. బండిని నేను చూసుకుంటాను."

మర్నాడు పొద్దున బావ అరుగు మీద మాట నిలబెట్టుకున్నాడు, కాస్త గొంతు తగ్గించి. డ్రైవరు సీట్లో కూచుని ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత దిగి వచ్చి అక్క ముందు తల వంచాడు. నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు మీద నుంచి సగం గింజలు నేలమీద పడ్డాయి. మిగిలినవాటితో బండెక్కి వెళ్లిపోయాడు.

పక్కింటి కోళ్లు ఎలా తెలుసుకున్నాయో, గోడ దూకి వచ్చేశాయి. అక్క చేట తియ్యలేదు. అవి తినేదాకా నిలబడి, లోపలికి వెళ్లింది.